ఫీజు పోర్టల్, రివోక్ చేసిన సర్టిఫికెట్, లెక్కలో లేని మూడో సర్వర్

సైటు అసలైనదేనని బ్రౌజర్‌కి రుజువు చూపే సర్టిఫికెట్ గడువు తీరి సైట్లు పడిపోవడం మా పనిలో మామూలే. రివోక్ చేసిన, అంటే గడువు తీరకముందే రద్దు చేసిన, సర్టిఫికెట్ పనిచేస్తూనే ఉండటం మాత్రం అరుదుగా బయటపడుతుంది. అరుదుగా జరుగుతుందని కాదు, ఎవరూ చూడరని. ఈ కేసులో నాలుగు రోజుల్లో మూడుసార్లు "అంతా బాగానే ఉంది" అనే తీర్పు వచ్చింది. మూడూ తప్పే, వాటిలో ఒకటి నేనిచ్చింది. సంస్థ పేరు, ఊరు, కాలేజీల వివరాలు తీసేశాను. తేదీలు కొంచెం జరిపాను కానీ వాటి మధ్య రోజుల లెక్క మార్చలేదు.

నేపథ్యం

ప్రైవేటు కాలేజీలకు ఫీజుల సాఫ్ట్‌వేర్ నడిపే చిన్న సంస్థ అది. తల్లిదండ్రులు మొబైల్ యాప్‌లో కడతారు, కాలేజీ కౌంటర్లో గుమాస్తాలు బ్రౌజర్లో రసీదులు తీస్తారు. ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చినవాళ్లను సర్వర్లకు పంచేది), వెనక రెండు సర్వర్లు. లోడ్ బ్యాలెన్సర్ టీఎల్ఎస్‌ని, అంటే కనెక్షన్ మీది ఎన్‌క్రిప్షన్‌ని, విప్పదు, వచ్చిన కనెక్షన్‌ని ఉన్నదున్నట్టు వెనక్కి తోసేస్తుంది. అందుకే సర్టిఫికెట్, దానికి జతైన రహస్య ప్రైవేట్ కీ ప్రతి సర్వర్లోనూ ఉండాలి. సర్టిఫికెట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సర్టిఫికెట్ల సంస్థవి. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాం వాటిని తెచ్చాక, ఒక స్క్రిప్టు ఒక ఫైల్లో రాసి ఉన్న సర్వర్ల జాబితా చూసి అన్నింటికీ కాపీ చేస్తుంది.

ఇది 2025 నవంబర్ నాటి మాట. ఒక శుక్రవారం మధ్యాహ్నం కొత్తగా చేరిన డెవలపర్ ఒక ఫోల్డర్ మొత్తాన్ని ఎవరైనా చూడగల పబ్లిక్ కోడ్ రిపాజిటరీలోకి ఎక్కించాడు. అందులో పోర్టల్ ప్రైవేట్ కీ కూడా ఉంది. మూడు గంటల్లో గమనించారు. ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకు నచ్చింది: రిపాజిటరీలోంచి ఫైల్ తీసేసి ఊరుకోలేదు. కీ బయటికి పోయిందంటే పోయినట్టే అనుకుని కొత్త కీతో కొత్త సర్టిఫికెట్ తెచ్చారు, స్క్రిప్టు నడిపారు, సాయంత్రం 6:40కి పాతదాన్ని సర్ట్‌బాట్‌తో "కీ కాంప్రమైజ్" అనే కారణం ఇచ్చి రివోక్ చేశారు. మానిటరింగ్ తెర ఆకుపచ్చగా ఉంది. ఇళ్లకు వెళ్లిపోయారు.

వచ్చిన సమస్య

సోమవారం సెమిస్టర్ ఫీజు కట్టడానికి ఆఖరి వారం మొదలైంది. పొద్దున పదింటికల్లా నాలుగైదు కాలేజీల నుంచి ఫోన్లు. అందరిదీ ఒకే మాట: "ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు." ఫిర్యాదు చేసినవాళ్లంతా ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు. తెరమీద సెక్ ఎర్రర్ రివోక్డ్ సర్టిఫికెట్ అనే కోడ్ వస్తోంది.

సపోర్ట్ వాళ్లు క్యాష్ క్లియర్ చేయమన్నారు. కొందరికి సర్దుకున్నట్టే అనిపించి, గంట తర్వాత మళ్లీ వచ్చింది. కంప్యూటర్లో తేదీ సరిచూడమన్నారు. చివరికి "క్రోమ్‌లో తెరవండి" అన్నారు, క్రోమ్‌లో తెరుచుకుంది. ఫోన్లు తగ్గిపోయాయి. నా దృష్టిలో మొత్తం కేసులో అన్నిటికంటే చెడ్డ సలహా అదే. నిజం చెబుతున్న ఒక్క సాక్షినీ బయటికి పంపేసి, నోరు మెదపని సాక్షిని కూర్చోబెట్టుకున్నారు.

ఎందుకో చెప్పాలి. క్రోమ్ 2012 నుంచే మామూలు సైట్ల విషయంలో సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను ఆ క్షణంలో అడగడం మానేసింది. గూగుల్ ఏరి కూర్చిన ఒక చిన్న జాబితాను బ్రౌజర్‌కి పంపుతుంది, అది చూసుకుంటుంది. ఆ జాబితా ముఖ్యంగా పెద్ద అత్యవసరాల కోసం. 2014 జులైలో మన ఎన్ఐసీ సర్టిఫైయింగ్ అథారిటీ కింద గూగుల్ డొమైన్లకు అనుమతి లేని సర్టిఫికెట్లు బయటపడినప్పుడు క్రోమ్ వాటిని ఆపింది ఈ జాబితాతోనే. ఒక ఫీజు పోర్టల్ సర్టిఫికెట్ అందులో ఉంటుందన్న హామీ ఏమీ లేదు. ఫైర్‌ఫాక్స్ దారి వేరు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 137వ వెర్షన్ నుంచి సీఆర్‌లైట్ అనే పద్ధతిలో, రివోకేషన్ల సమాచారాన్ని బాగా కుదించి బ్రౌజర్లోనే పెట్టుకుంటుంది. కాబట్టి ఫైర్‌ఫాక్స్ అరుస్తూ క్రోమ్ ఊరుకుంటే, ఫైర్‌ఫాక్స్‌లో తేడా ఉందని అనుకోవడానికి వీల్లేదు.

నేను దిగింది మంగళవారం. టీమ్ లీడ్ ఫోన్ చేసి, "అన్నా, సర్టిఫికెట్ శుక్రవారమే మార్చేశాం, స్క్రిప్ట్ ఓకే అంటోంది, కర్ల్ కూడా ఓకే అంటోంది, కొందరి బ్రౌజర్లు మాత్రం పాతదే పట్టుకుని కూర్చున్నాయి" అన్నాడు. కర్ల్ అంటే కమాండ్ లైన్ నుంచి సైటును తెరిచే పనిముట్టు.

నేను చేసిన తప్పు

ఎర్రర్ కోడ్‌ని నమ్మడం దగ్గర మొదలుపెట్టాను. రివోక్డ్ అని ఫైర్‌ఫాక్స్ అంటోందంటే రెండే దారులు. పొరపాటున కొత్త సర్టిఫికెట్‌నే రివోక్ చేసి ఉండాలి, లేదా పాతది ఇంకా ఎక్కడినుంచో బయటికి వస్తూ ఉండాలి. బ్రౌజర్ పాత సర్టిఫికెట్‌ని దాచుకుని కూర్చోదు, ప్రతి కొత్త హ్యాండ్‌షేక్‌లో (కనెక్షన్ మొదట్లో జరిగే పలకరింపులో) సర్వర్ ఇచ్చిందే చూస్తుంది. ఈ రెండు దారుల్ని విడదీసేది, ఒక్కో సర్టిఫికెట్‌కి వేరుగా ఉండే సీరియల్ నంబర్.

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే కమాండ్ లైన్ పనిముట్టులో ఎస్-క్లయింట్‌తో పోర్టల్‌కి 443 పోర్టులో కనెక్ట్ అయ్యి, వచ్చిన సర్టిఫికెట్‌ని ఎక్స్509 కమాండ్‌కి పైప్ చేసి, సీరియల్, తేదీలు, ఇష్యూయర్ (ఇచ్చిన సంస్థ) ముద్రించమన్నాను. సర్వర్‌నేమ్ ఆప్షన్ ఇవ్వడం మరిచిపోకూడదు. ఒకే ఐపీ మీద నాలుగు సైట్లుంటే అది లేకుండా వేరే సైటు సర్టిఫికెట్ చేతికొస్తుంది. వచ్చింది కొత్త సర్టిఫికెట్ సీరియలే. సందేహం తీరక లూప్ పెట్టి ఇరవైసార్లు అడిగాను. ఇరవైసార్లూ అదే.

ఇంకేం, సర్వర్ల వైపు తప్పు లేదని తేల్చేశాను. కాలేజీల వైపు చూపు పెట్టి, ఆ కంప్యూటర్లలో యాంటీవైరస్ మధ్యలో దూరి ట్రాఫిక్‌ని విప్పుతోందేమో అని రెండు గంటలు వెతికాను. అది పిచ్చి అనుమానం కాదు, అలాంటివి చూశాను. కానీ యాంటీవైరస్ దూరితే తన సొంత సర్టిఫికెట్ ఇస్తుంది, లెట్స్ ఎన్‌క్రిప్ట్ రివోక్ చేసిన సర్టిఫికెట్ ఇవ్వదు. ఒక్క నిమిషం కూర్చుని ఆలోచించి ఉంటే ఆ రెండు గంటలు మిగిలేవి.

దారి చూపింది ఒక కాలేజీ కౌంటర్లో ఉన్న అమ్మాయి. ఆవిడకి ఆ నిమిషంలోనే ఫైర్‌ఫాక్స్‌లో ఎర్రర్ వస్తోంది. "అమ్మా, ఇప్పుడు ఏమీ కదపకుండా, అదే కంప్యూటర్లో అదే నెట్‌మీద క్రోమ్‌లో తెరవండి" అన్నాను. తెరుచుకుంది. అడ్రస్ పక్కన గుర్తు నొక్కమని, "సర్టిఫికెట్ ఈజ్ వ్యాలిడ్" అన్న లైన్ నొక్కమని, "ఇష్యూడ్ ఆన్" పక్కన ఏముందో చదవమన్నాను.

"సెప్టెంబర్ 24 అని ఉంది సార్."

కొత్త సర్టిఫికెట్ పుట్టింది నవంబర్ 7న. అంటే ఆవిడ ముందు తెరుచుకున్నది పాతదే, పైగా దాన్ని క్రోమ్ వ్యాలిడ్ అంటోంది. అప్పుడే ఆవిడ ఇంకో మాట అన్నది: "బ్రాడ్‌బ్యాండ్ పోయినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటాం సార్, అప్పుడు బాగానే వస్తుంది."

ఆ మాటతో ముడి విడిపోయింది. లోడ్ బ్యాలెన్సర్ సెట్టింగ్ చూస్తే సోర్స్ ఐపీ పద్ధతి: ఒక ఐపీ నుంచి వచ్చినవాళ్లను ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపుతుంది. నేను నా ఇంటి లైన్ నుంచి ఇరవైసార్లు కాదు, రెండు వేలసార్లు అడిగినా ఒకే సర్వర్ తలుపు తడుతున్నాను. మానిటరింగ్ సర్వర్‌దీ అదే కథ.

మూడో సర్వర్

లోడ్ బ్యాలెన్సర్‌ని పక్కనపెట్టి నేరుగా వెనకున్న ఐపీలకే కనెక్ట్ అయ్యాను. కనెక్ట్ ఆప్షన్‌లో లోపలి ఐపీ, సర్వర్‌నేమ్‌లో పోర్టల్ పేరు. టీమ్ ఇచ్చిన జాబితాలో రెండు ఐపీలున్నాయి. లోడ్ బ్యాలెన్సర్ కాన్ఫిగరేషన్‌లో మూడున్నాయి.

మూడోది ఫీజుల రద్దీ కోసం అక్టోబర్‌లో పెట్టింది. తొందరలో రెండో సర్వర్ ఇమేజ్ నుంచి లేపి, లోడ్ బ్యాలెన్సర్‌లో చేర్చారు. సర్టిఫికెట్లు పంచే జాబితాలో మాత్రం దాని పేరు రాయలేదు. శుక్రవారం కొత్త సర్టిఫికెట్ రెండింటికే వెళ్లింది. మూడోది నాలుగు రోజులుగా, రిపాజిటరీలో మూడు గంటలపాటు అందరికీ కనబడిన కీతోనే పనిచేస్తోంది.

ఇక్కడ ఒక నిర్ణయం. కొత్త సర్టిఫికెట్‌ని దానిమీదికి కాపీ చేయడానికి ఐదు నిమిషాలు చాలు. టీమ్‌కి అదే కావాలి, ఎందుకంటే ఫీజుల వారంలో ఒక సర్వర్ తీసేస్తే పోర్టల్ నెమ్మదిస్తుందని టెన్షన్. నేను ఒప్పుకోలేదు. జాబితాలో లేని సర్వర్‌కి సర్టిఫికెట్ ఒక్కటే పాతదై ఉంటుందా? నెల రోజులుగా ఏ మార్పూ అందుకోని యంత్రం అది. ముందు లోడ్ బ్యాలెన్సర్ నుంచి తీయించి, తర్వాత తీరిగ్గా మళ్లీ కట్టించాం. చూస్తే నిజంగానే రసీదుల కోడ్ కూడా ఒక వెర్షన్ వెనకబడి ఉంది. మధ్యాహ్నం రద్దీలో పోర్టల్ కాస్త నెమ్మదించింది, అంతకుమించి ఏమీ కాలేదు.

అసలు రివోక్ అయిందా?

ఈలోగా ఇంకో గొడవ. ఒక ఇంజనీరు పాత సర్టిఫికెట్ రివోక్ అయిందో లేదో కమాండ్ లైన్లో చూసి, "అన్నా, ఇది రివోకే కాలేదు" అన్నాడు. ఫైర్‌ఫాక్స్ అయిందంటోంది, ఇతను కాలేదంటున్నాడు. ఏం చేశాడో పక్కన కూర్చుని మొదటినుంచీ చేయించాను. మొత్తం పనిలో నాకు ఎక్కువ నేర్పింది ఆ అరగంటే.

మొదట ఓసీఎస్పీ ప్రయత్నించాడు. అంటే "ఈ సీరియల్ పరిస్థితి ఏమిటి" అని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను నేరుగా అడిగే పద్ధతి. ఎక్కడ అడగాలో చిరునామా సర్టిఫికెట్లోనే ఉంటుంది, ఎక్స్509 కమాండ్‌కి ఓసీఎస్పీ-యూఆర్ఐ అన్న ఆప్షన్ ఇస్తే ముద్రిస్తుంది. ఏమీ ముద్రించలేదు. తప్పేమీ కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 మే 7 నుంచి ఇచ్చిన సర్టిఫికెట్లలో ఆ చిరునామా పెట్టడం మానేసింది, ఆగస్టు 6న ఆ సేవనే ఆపేసింది. ఎవరు ఏ సైటుకి వెళ్తున్నారో తమకు తెలిసిపోవడం ఇష్టం లేదన్నది వాళ్లు చెప్పిన ముఖ్య కారణం. ఓసీఎస్పీ తప్పనిసరి కాదని బ్రౌజర్లు, సీఏలు (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు) కలిసి 2023లోనే నియమం మార్చుకున్నాయి.

తర్వాత కర్ల్‌కి సర్ట్-స్టేటస్ ఆప్షన్ ఇచ్చి చూశాడు. ఓసీఎస్పీ జవాబు రాలేదని ఫెయిలైంది. అదే ఆప్షన్ కొత్త సర్టిఫికెట్ మీద పెట్టినా అలాగే ఫెయిలవుతుంది, ఎందుకంటే అది సర్వర్ జతచేసి పంపే ఓసీఎస్పీ జవాబు కోసం చూస్తుంది, ఇక్కడ అలాంటిదే లేదు. మంచిదానికీ చెడ్డదానికీ ఒకే జవాబిచ్చే పరీక్షతో ఏమీ తేలదు. ఏ ఆప్షనూ లేని మామూలు కర్ల్ అయితే, లినక్స్ సర్వర్లలో, రివోకేషన్ సంగతి అసలు అడగనే అడగదు. "కర్ల్ ఓకే అంటోంది" అన్న మాటకున్న విలువ అంతే.

మిగిలింది సీఆర్ఎల్. రివోక్ చేసిన సీరియల్ నంబర్లన్నీ రాసి, సీఏ సంతకం పెట్టి ఉంచే జాబితా. సీఆర్ఎల్ డిస్ట్రిబ్యూషన్ పాయింట్ నుంచి చిరునామా తీసుకుని, ఫైల్ దింపి, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సీఆర్ఎల్ కమాండ్‌తో టెక్స్ట్‌గా మార్చి, పాత సీరియల్ కోసం గ్రెప్ (టెక్స్ట్‌లో వెతికే కమాండ్) కొట్టాడు. దొరకలేదు. అందుకే కాలేదన్నాడు.

అందులో రెండు తప్పులున్నాయి. రెండూ నేనైనా చేసేవే.

ఒకటి, సీరియల్‌ని అతను ఎక్స్509 టెక్స్ట్ అవుట్‌పుట్ నుంచి తీసుకున్నాడు. అక్కడ అది చిన్న అక్షరాల్లో, రెండేసి అంకెల మధ్య కోలన్లతో ఉంటుంది. సీఆర్ఎల్ టెక్స్ట్‌లో కోలన్లు లేకుండా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గ్రెప్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. ఎక్స్509కి సీరియల్ అన్న ఆప్షన్ ఇస్తే వచ్చే రూపమే సీఆర్ఎల్ రూపంతో కలుస్తుంది.

రెండోది ఇంకా లోతు. చిరునామాని అతను కొత్త సర్టిఫికెట్ నుంచి తీశాడు. "రెండింటిదీ ఒకే సీఏ కదా" అన్నాడు. కానీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ తన జాబితాని ఒకే ఫైల్‌గా పెట్టదు. 2022లో మొదలుపెట్టినప్పుడే ఒక్కో ఇంటర్మీడియట్ (సైట్ల సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే మధ్య సర్టిఫికెట్) కింద 128 ముక్కలు చేసింది. ఏ సర్టిఫికెట్ ఏ ముక్కలో వస్తుందో ఆ సర్టిఫికెట్లో ఉన్న చిరునామాయే చెబుతుంది. ఒకటో వార్డు ఓటర్ల జాబితాలో పేరు లేదు కాబట్టి మనిషికి ఓటే లేదన్నట్టుంది అతని తీర్పు. ముక్కలు చేయడానికి కారణం కూడా సబబైనదే. 2014 ఏప్రిల్‌లో ప్రైవేట్ కీలు లీకయ్యే హార్ట్‌బ్లీడ్ బగ్ బయటపడి లక్షల్లో సర్టిఫికెట్లు రివోక్ చేసినప్పుడు, క్లౌడ్‌ఫ్లేర్ అనే నెట్‌వర్క్ సంస్థ తన సర్టిఫికెట్లను మార్చుకున్నందుకే గ్లోబల్‌సైన్ అనే సీఏ జాబితా ఒకటి 22 కిలోబైట్ల నుంచి 4.9 మెగాబైట్లకి ఉబ్బింది.

పాత సర్టిఫికెట్ చిరునామాతో, సరైన రూపంలో సీరియల్‌తో వెతికితే వెంటనే దొరికింది. దాని కింద రివోకేషన్ తేదీ, కారణం కీ కాంప్రమైజ్. సమయం 13:10 అని ఉంది. మళ్లీ ఒక క్షణం కంగారు: "మధ్యాహ్నం ఒంటిగంటకు మేం చేయలేదే!" అది జీఎంటీ. ఐదున్నర గంటలు కలిపితే 6:40.

వాళ్లు ఇదంతా కాకుండా ఇంకోసారి రివోక్ కమాండ్ కొట్టినా తేలేది. ఇప్పటికే రివోక్ అయిందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్వర్ తిరస్కరించేది. కానీ నిర్ధారణ కోసం రివోక్ కొట్టడం అలవాటు చేసుకోవద్దన్నాను. ఫైల్ దారి పొరపాటున కొత్త సర్టిఫికెట్‌ది ఇస్తే ఈసారి పోర్టల్ మొత్తం పోతుంది.

పనిచేసిన పద్ధతి

గ్రెప్‌తో దొరికిందంటే రివోక్ అయినట్టే. దొరకలేదంటే మాత్రం బాగున్నట్టు కాదు: ఫైల్ పాతదై ఉండొచ్చు, వేరే ముక్క కావొచ్చు, సగం దిగి ఉండొచ్చు. అందుకే గ్రెప్‌ని వదిలేసి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వెరిఫై కమాండ్‌కి పనిచెప్పాం. రూట్ (సీఏ మూల సర్టిఫికెట్), ఇంటర్మీడియట్, దింపిన సీఆర్ఎల్ ఇచ్చి, సీఆర్ఎల్-చెక్ అన్న ఆప్షన్ పెడితే అది జాబితా మీద సంతకాన్నీ గడువునీ కూడా సరిచూస్తుంది. పాత సర్టిఫికెట్‌కి ఎర్రర్ 23 వచ్చింది, అంటే రివోక్ అయింది. తప్పు ఫైల్ ఇస్తే ఎర్రర్ 3 లేదా 44, అంటే ఇది ఈ సర్టిఫికెట్‌కి సంబంధించిన జాబితా కాదని. గడువు తీరిన జాబితా ఇస్తే ఎర్రర్ 12. ఇంజనీరు కొత్త సర్టిఫికెట్ నుంచి తీసిన ముక్కని ఇదే కమాండ్‌కి ఇచ్చి చూశాం. "బాగుంది" అనకుండా ఇది సరైన జాబితా కాదంది. నాకు కావాల్సింది ఆ తేడాయే: తెలియనప్పుడు తెలియదని చెప్పే పనిముట్టు.

ఎస్-క్లయింట్‌లోనూ వెరిఫైలోనూ సీఆర్ఎల్-డౌన్‌లోడ్ అన్న ఆప్షన్ ఉంది, ఫైల్‌ని అదే దింపుకుంటుంది. చేత్తో ఒకసారి చూసుకోవడానికి వాడతాను. స్క్రిప్టులో వాడలేదు, ఎందుకంటే దింపడం విఫలమైందా, సరిచూడటం విఫలమైందా అన్నది విడివిడిగా లాగ్‌లో పడాలనుకున్నాను.

టీమ్‌లో విండోస్ వాడే ఒకతను సర్ట్‌యుటిల్ కమాండ్‌కి వెరిఫై, యూఆర్ఎల్-ఫెచ్ ఆప్షన్లు ఇచ్చి అదే సంగతి రాబట్టాడు: లీఫ్ (సైటు సొంత) సర్టిఫికెట్ రివోక్డ్, రీజన్ 1. ఒకటంటే కీ కాంప్రమైజ్. విండోస్‌లో దింపిన సీఆర్ఎల్‌లు క్యాష్‌లో ఉండిపోతాయి, కాబట్టి నిన్నటి జవాబు ఇవాళ రాకుండా చూసుకోవాలి.

ఇక ఆ ఆకుపచ్చ తెర సంగతి. నాగియోస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ కోసం రెండేళ్ల కిందట ఎవరో రాసిన స్క్రిప్టు. లాజిక్ ఇంతే: సర్టిఫికెట్ నుంచి ఓసీఎస్పీ చిరునామా తీసుకో. చిరునామా ఉంటే అడుగు. రివోక్డ్ అని వస్తే 2 (ప్రమాదమని చెప్పే కోడ్)తో బయటికి రా. చివర్లో ఓకే అని ముద్రించి 0తో బయటికి రా. చిరునామా లేకపోతే ఏం చేయాలో ఒక్క లైన్ లేదు. రాసిన రోజున చిరునామా లేని సర్టిఫికెట్ వాళ్ల దగ్గర లేదు మరి. 2025 మే తర్వాత వచ్చిన మొదటి రెన్యువల్ నుంచి ఆ స్క్రిప్టు ఎవరినీ ఏమీ అడగకుండానే రోజుకి 288 సార్లు ఓకే అంటోంది. వాచ్‌మన్ ఫోన్ ఎత్తలేదు కాబట్టి దొంగ రాలేదని రాసుకున్నట్టు. నాగియోస్‌లో తెలియదు అని చెప్పడానికి 3 అన్న కోడ్ ఎప్పటినుంచో ఉంది, దాన్ని ఎవరూ వాడలేదు.

ఇంత జరుగుతున్నా ఒకచోట మాత్రం నిజం రాసి ఉంది. ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) లాగ్‌లో, రీలోడ్ అయిన ప్రతిసారీ, సర్టిఫికెట్‌లో ఓసీఎస్పీ చిరునామా లేదు కాబట్టి స్టేప్లింగ్‌ని (ఓసీఎస్పీ జవాబును సర్వరే జతచేసి పంపడాన్ని) పట్టించుకోవడం లేదన్న వార్నింగ్. నెలల తరబడి పడింది. వార్నింగ్ కదా, ఎవరూ చదవలేదు.

కొత్త స్క్రిప్టులో సర్వర్ల జాబితాని చేత్తో రాయలేదు, లోడ్ బ్యాలెన్సర్ కాన్ఫిగరేషన్ నుంచే తీస్తుంది. ప్రతి ఐపీకి నేరుగా వెళ్తుంది, అక్కడ వచ్చిన సర్టిఫికెట్ చెప్పిన చిరునామా నుంచే సీఆర్ఎల్ దింపుతుంది, వెరిఫై చేస్తుంది. అన్ని సర్వర్లలో సీరియల్ ఒకటి కాకపోతే, రివోకేషన్‌తో పని లేకుండానే అలారం. ఎర్రర్ 23 అయితే 2, మిగతా ఏ ఎర్రర్ అయినా 3.

వాళ్ల దగ్గర డబ్బు పెట్టి కొన్న ఇంకో సర్టిఫికెట్ ఉంది, దానికి ఓసీఎస్పీ చిరునామా ఉంది. స్క్రిప్టులో దాని భాగం రాస్తుంటే ఇంకో గుంట కనబడింది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఓసీఎస్పీ కమాండ్, జవాబులో రివోక్డ్ అని వచ్చినా 0తోనే బయటికి వస్తుంది. జవాబు సరిగ్గా అందింది కదా, దాని పని అయిపోయిందన్నమాట. ఎగ్జిట్ కోడ్ చూసి ఊరుకుంటే లాభం లేదు, ముద్రించిన స్టేటస్ లైన్‌లో గుడ్ అన్న మాట ఉందో లేదో చూడాలి. రివోక్డ్ లేకపోతే చాలనుకోవడం కూడా తప్పే, మధ్యలో అన్‌నోన్ అన్న మూడో జవాబు ఉంది.

ఇదంతా అయ్యాక పాత స్క్రిప్టునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, తెలిసి తెలిసి రివోక్ చేసిన ఒక సైటు మీద నడిపాం. అలాంటి సైటు కోసం వెతుక్కోనక్కర్లేదు. బ్రౌజర్లు నమ్మే ప్రతి సీఏ, మంచిది ఒకటి, రివోక్ అయినది ఒకటి, గడువు తీరినది ఒకటి పరీక్ష పేజీలుగా పెట్టాలన్నది వాళ్ల నియమాల్లోనే ఉంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ రివోక్డ్ పేజీ మీద పాత స్క్రిప్టు ఓకే అంది. గదిలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పేజీ కూడా వాళ్ల మానిటరింగ్‌లో ఒక శాశ్వత లైను, అది ఎప్పుడూ ఎర్రగానే ఉండాలి. ఆకుపచ్చగా మారిందంటే స్క్రిప్టు చచ్చిపోయిందని అర్థం.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

నావరకు, "నాకు బాగానే తెరుచుకుంటోంది" అన్న మాటను నా నోటి నుంచే అనడం మానేశాను. ఇప్పుడు ఏ సర్టిఫికెట్ గొడవ వచ్చినా మొదట లోడ్ బ్యాలెన్సర్ వెనక ఎన్ని ఐపీలున్నాయో అడుగుతాను. ఆ లెక్క మనుషుల్ని అడిగి రాసుకోను, కాన్ఫిగరేషన్ తెరిచి చూస్తాను. ఫిర్యాదు చేసినవాళ్లు తెరమీద కనబడే ఒక్క తేదీ చదివి చెబితే చాలాసార్లు నా కమాండ్లన్నిటికంటే ముందు విషయం తేలుతుంది. దాన్ని ఇప్పుడు రెండో ప్రశ్నగా పెట్టుకున్నాను.

వాళ్లవరకు, రివోక్ కమాండ్ ఇచ్చాక పని అయిపోయినట్టు కాదని ఒక కాగితం మీద రాసుకున్నారు. రివోక్ అయిందని సీఆర్ఎల్‌లో కనబడే దాకా ఒకడు కూర్చోవాలి. అందులోకి ఎక్కించడానికి సీఏకి 24 గంటల దాకా సమయం ఉంటుంది కాబట్టి ఐదు నిమిషాల తర్వాత చూసి కంగారు పడకూడదు. ఆ సీరియల్ ఏ సర్వర్ నుంచీ రావడం లేదని కూడా విడిగా తేల్చాలి. ఆ రెండో పనిని శుక్రవారం చేసి ఉంటే నాకు ఫోన్ వచ్చేదే కాదు.

తీరని చిక్కు ఒకటి మిగిలింది. మూడో సర్వర్‌ని తీసేసినంత మాత్రాన ఆ కీ వెనక్కి రాలేదు. దాన్ని ఎవరైనా దించుకుని ఉంటే, కాలేజీ వైఫైలో మధ్యలో కూర్చుని పోర్టల్‌గా నటించడానికి పాత సర్టిఫికెట్ ఇంకా సరిపోతుంది. ఫైర్‌ఫాక్స్ ఆపుతుంది, ఆ రోజు మేం చూసిన క్రోమ్ ఆపలేదు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది వాడేది ఆండ్రాయిడ్ యాప్, అది రివోకేషన్ చూడటం లేదు. యాప్‌కి కొత్త వెర్షన్ పంపాలా అని చర్చించాం. ఫీజుల వారంలో యాప్ అప్‌డేట్ అంటే అదొక కొత్త ప్రమాదం, అందరూ అప్‌డేట్ చేసుకునేసరికి ఎలాగూ నెల దాటుతుంది. వద్దనుకున్నాం.

అందుకని మిగిలింది గడువు తీరే దాకా ఆగడమే. సెప్టెంబర్ 24న వచ్చిన 90 రోజుల సర్టిఫికెట్‌కి డిసెంబర్ 23 ఆఖరు. ఆ మంగళవారానికి ఇంకా 42 రోజులుంది. అదే వాళ్లు ఏడాది సర్టిఫికెట్ వాడే సంస్థ అయితే పది నెలలు ఆగాల్సి వచ్చేది. 398 రోజుల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200కి, 2027లో 100కి, 2029లో 47కి తగ్గించాలని బ్రౌజర్లు, సీఏలు 2025 ఏప్రిల్‌లో తీర్మానించాయి. ఇది అనవసరమైన తలనొప్పి అని అప్పట్లో విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ 42 రోజులూ లాగిన్లలో తేడా కనిపిస్తే ఆరోజే చూడమని ఒకతనికి పని అప్పగించారు. ఏమీ కనబడలేదు. డిసెంబర్ 24 పొద్దున టీమ్ లీడ్ పాత సర్టిఫికెట్ ఫైల్ మీద ఎక్స్509 డేట్స్ కొట్టి, నాట్-ఆఫ్టర్ లైన్ స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. కింద ఏమీ రాయలేదు.